బతకకూడని వరి

ఇంటికి ఎవరు కొత్తగా వచ్చినా కట్టమ్మ ఊరికే కూర్చోనివ్వదు. కాళ్లకు నీళ్లిచ్చి, చాయ తాగించి, ఆ తరువాత చేయి పట్టుకుని దొడ్డంతా తిప్పుతుంది. తల్లి దగ్గరికి రానివ్వకపోతే సీసా పాలతో పెంచిన మేకపిల్ల, కాలు విరిగితే వెదురు బద్దలు కట్టి నడిపించిన కోడిపెట్ట, ఎండిపోయిందని పక్కింటివాళ్లు పీకి పారేస్తే తెచ్చి పాతుకున్న కరివేపాకు చెట్టు, ఒక్కోదానికీ ఒక్కో కథ చెబుతుంది. ఊళ్లో ఎవరి మేక బలహీనమైన పిల్లను ఈనినా, దాన్ని తెచ్చి కట్టమ్మ గడపలో పెట్టి వెళ్లిపోవడం అలవాటైపోయింది.

ఆమె ఎవరికీ చూపించనిది ఒకటుంది. వాళ్ల ఊరు పాలకుర్తికి అవతల, కాలువ కింద, భర్త రాజమల్లు వాటాకు వచ్చిన ఇరవై గుంటల చౌడు మడి, అరెకరం.

ఎండలు ముదిరితే ఆ మడి మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొర కడుతుంది. కాలువ ఊట అడుగు నుంచి పైకి ఎక్కుతుంది, నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. ఆలుమగలిద్దరూ చేయనిది లేదు. పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ చల్లి దున్నారు. జిప్సం వేశారు. చెరువులో పూడిక తీసిన ప్రతిసారీ ట్రాక్టర్లతో నల్లమట్టి తోలించారు. ఒక పంట కాస్త పచ్చగా లేచేది, మరుసటేడు కథ మళ్లీ మొదటికి వచ్చేది. నాటిన వరి ఆకు కొసలు కాలి, గొట్టాల్లా చుట్టుకుని, మడి మధ్య నుంచి బట్టతల పడ్డట్టు పలచబడిపోయేది.

కట్టమ్మ మరెవరైనా అయితే అంత బాధ ఉండకపోయేది. కానీ ఆమె ఊరి నాట్ల గుంపుకు పెద్ద. ఎవరి మడిలో దిగినా పాట ఎత్తేది ఆమే, వరుస తీర్చేది ఆమే. ఆమె చేయి పడిన మడి పండుతుందని ఊరంతా అంటుంది, ఆమె సొంత మడి తప్ప. పక్క మడి తోటికోడలు చిలుకమ్మది. బోరుంది, నల్లనేల, యాసంగిలో, అంటే రెండో పంటకు, వరి, మిగతా చేనులో మిర్చి. మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు తోలి వచ్చిన రోజు చిలుకమ్మ గట్టు మీద నిలబడి తప్పకుండా ఒక మాట అనేది.

"అక్కా, ఈయేడు ఉప్పెన్ని బస్తాలైంది?"

"నీ నోట్ల పోసేటందుకు సరిపోను అయింది, రా."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. చిలుకమ్మ నవ్వు అక్కడికి ఆగేది. కట్టమ్మకు మాత్రం ఇంటికి వచ్చాక కూడా ఆ మాట లోపల మెదిలేది. ఆమెకు పెద్ద కోరికలు లేవు. ఆ మడిలో పండిన వడ్లు ఒక్కసారి తన వాకిట్లో కుప్పగా చూడాలి, ఆ బియ్యం తన చేత్తో వండాలి. అంతే.

అలాంటి మడిని వెతుక్కుంటూ ఒక మనిషి వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఎండాకాలం నడిమిట్లో వరంగల్ నుంచి ఆసిమా అనే అమ్మాయి వచ్చింది. వరి పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది. బస్సు దిగి హోటల్ దగ్గర నిలబడి, ఈ ఊళ్లో అన్నిటికంటే పాడైన నేల ఎవరిదని అడిగింది. అక్కడ చాయ తాగుతున్నవాళ్లంతా ఒకేసారి రాజమల్లు ఇంటివైపు చేయి చూపించారు.

కట్టమ్మ ముందు మేకపిల్లను చూపించింది, తరువాత కోడిని. ఆసిమా అన్నీ ఓపిగ్గా చూసి, మళ్లీ మడి సంగతే అడిగింది. తప్పక తీసుకువెళ్లాల్సి వచ్చింది. తెల్లపొర మీద ఎండ మెరుస్తోంది. ఆసిమా చెప్పులు విడిచి మడిలో దిగి, మోకాళ్ల మీద కూర్చుని, మట్టి తీసి సీసాలో నీళ్లతో కలిపి, అందులో ఒక చిన్న మీటరు ముంచింది. అంకె చూసి ఆమె ముఖం వెలిగిపోయింది.

"పెద్దమ్మా, ఇంత మంచి చౌడు నాకు ఇప్పటిదాంక ఎక్కడ దొరకలే."

కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ మడిని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. కట్టమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ రాత్రి అన్నం తింటూ రాజమల్లుతో, మన మడి వరంగల్ దాకా పేరుకెక్కిందని చెప్పింది.

ఆసిమా తరువాత చాలాసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ గట్టు మీద కూర్చుని ముందు ఇంటికి ఫోన్ చేసేది. పాప తిన్నదా, ఎంత తిన్నది, కక్కిందా, ఒళ్లు వెచ్చగా ఉందా అని అత్తగారిని అడిగేది. ఫోన్ పెట్టేసిన కాసేపటికే మళ్లీ చేసేది. కట్టమ్మ పక్కన కూర్చుని వినేది. ఏడాది దాటిన పాప అని, ఖలీల్ అని ఆమె భర్త హన్మకొండలో మందుల దుకాణం నడుపుతాడని అలా మాటల్లోనే తెలిసింది.

వరి సంగతి కూడా అలాగే తెలిసింది. ఉప్పు నేలలో వేరు నీళ్లతో పాటు ఉప్పునూ పీల్చుకుంటుందట, ఆ ఉప్పు ఆకుదాకా ఎక్కి ఆకును లోపలి నుంచి కాల్చేస్తుందట. సముద్రం ఒడ్డున తాతల నాటి నుంచి పండించే ఒక మోటు వరి ఉంది. పైకెక్కే ఉప్పును వేరు దగ్గరే పట్టి వెనక్కి లాగే గుణం దానికి ఉంది. ఆ గుణం ఎక్కడుందో విత్తనం లోపలి జన్యువుల్లో వెతికి పట్టుకున్నారు. కానీ ఆ వరి నిలువెత్తు పెరిగి పడిపోతుంది, బియ్యం ఎర్రగా, లావుగా ఉంటుంది, ఇక్కడెవరూ తినరు. అందుకని దాన్ని ఇక్కడి సన్నరకంతో కలిపారు. విచ్చుకోబోయే పువ్వు కొసను కత్తెరతో కోసి, లోపలి పుప్పొడి తిత్తులు పట్టకారుతో తీసేసి, కాగితపు సంచి తొడిగి, ఎండ ఎక్కాక రెండోదాని పుప్పొడి దాని మీద దులుపుతారట. కట్టమ్మ తన వేలి గోరు చూసుకుని, ఇంతంత పువ్వుకు పెండ్లి చేసేటోళ్లు కూడ ఉన్నరా అని పడిపడి నవ్వింది.

పుట్టినవాటిని మళ్లీ సన్నరకంతోనే కలిపి, వాటి పిల్లలను మళ్లీ సన్నరకంతోనే కలిపి, ప్రతి తరంలోనూ నారు ఆకు చిన్న ముక్క తుంచి ల్యాబ్‌లో చూస్తారని ఆసిమా చెప్పింది. ఉప్పును ఆపే ఆ ముక్క ఉన్న మొక్కనే ఉంచుకుంటారు, మిగతావి తీసేస్తారు. కట్టమ్మ దాన్ని తన మాటల్లో పెట్టింది.

"అంటే ఆ సముద్రపాయన గుణం ఒక్కటి ఇంట్ల పెట్టుకొని, మిగిలిన మనిషిని మెల్లమెల్లగ ఎల్లగొట్టిండ్రన్నట్టు."

ఆసిమా నవ్వు ఆపుకోలేక, ఈ ముక్క మా లక్ష్మీనారాయణ సారుకు చెప్పాలె అంది. లక్ష్మీనారాయణ ఆమెకు పై అధికారి. ఏ మడి పరీక్షలో ఉండాలో, ఏది తీసేయాలో ఆయనే నిర్ణయిస్తాడు.

యాసంగిలో నాట్లు పడ్డాయి. మడిని మూడు భాగాలు చేసి, ప్రతి భాగంలో చిన్న చిన్న గట్లతో చదరాలు తీశారు. కొత్తగా తయారైన వరులు ఒక్కో చదరంలో ఒకటి. కట్టమ్మ గుంపే నాటింది. ఆసిమా పెట్టిన షరతు ఒకటే, ఈ మడికి ఎవరూ ఏమీ చేయొద్దు. మట్టి తోలొద్దు, జిప్సం వేయొద్దు, బోరు నీళ్లు కలపొద్దు, కాలువ నీళ్లు మాత్రమే. కట్టమ్మ సరేనంది. మొదటి భాగంలో చివరి చదరానికి వచ్చేసరికి ఆమె చేతిలోని నారు చూసి ఆగిపోయింది.

"గిది మనం ఎప్పుడు ఏసే సన్నరకమే గద బిడ్డా. ఈడ బతకది."

"బతకొద్దు పెద్దమ్మా. దాన్ని చెక్ రకం అంటం. మూడు భాగాలల్ల మూడు చోట్ల పెట్టిన. అది సచ్చిపోతేనే ఈ నేలల ఉప్పు నిజంగ ఉన్నదని రుజువు. అప్పుడే పక్కన బతికినదానికి విలువ."

 కట్టమ్మ వంగి నాటేసింది. కానీ ఆ పూట ఇక ఆమె పాట ఎత్తలేదు. గుంపులో వాళ్లు ఒంట్లో బాగా లేదా అని అడిగారు.

బాగానే ఉంది. ఆ మాటే బాగా లేదు. చచ్చిపోతుందేమోనని భయపడుతూ నాటడం ఆమెకు తెలుసు. ఏళ్లుగా ఆ మడిలో చేసింది అదే. చావాలని నాటడం మాత్రం ఆమె ఎన్నడూ వినలేదు. నాటిన చేయి తనదే కావడం ఇంకా కష్టంగా ఉంది.

వేళ్లు పట్టుకున్నాక చదరాల్లో తేడా కనబడసాగింది. కొత్త వరుల్లో కొన్ని నీరసంగా ఉన్నాయి, కొన్ని పరవాలేదు. ఒకటి మాత్రం ఏమీ పట్టనట్టు ముదురాకుపచ్చగా పిలకలు వేస్తోంది. ఆసిమా దానికి ఏదో నంబరు రాసుకుంది, కట్టమ్మ దానికి మొండిది అని పేరు పెట్టింది. చెక్ రకం మాత్రం మూడు చోట్లా కొసలు పసుపుపచ్చగా మారి, ముడుచుకోవడం మొదలుపెట్టింది. మొదటి భాగంలోని చదరం చిలుకమ్మ బోరు కాలువకు ఆనుకునే ఉంది. కట్టమ్మ మేకలకు గడ్డి కోయడానికి పొద్దున్నే ఆ గట్టు మీదుగానే పోతుంది. దాటిన ప్రతిసారీ ఆ ఎండిన కొసలు కంట్లో పడేవి.

ఒక పొద్దున ఆమె గడ్డి కోయకుండా ఆ చదరం గట్టు తెగ్గొట్టింది. ఉప్పునీళ్లను పక్క మురుగు కాలువలోకి వదిలి, గండి పూడ్చి, చిలుకమ్మ బోరు కాలువలో పైపు పెట్టి మంచినీళ్లు నింపింది. మరునాడు మళ్లీ వదిలి మళ్లీ నింపింది. తరువాత గంపతో చెరువు మట్టి తెచ్చి మొదళ్లకు చల్లింది, కాస్త మేకల ఎరువు కూడా. ఒక్కదానికేగా అనుకుంది. పక్క చదరాలకు చుక్క పోనివ్వలేదు, ఆసిమా మాట తప్పినట్టు కాకూడదని.

ఇంట్లో రాజమల్లు ఆమె కొంగుకు అంటిన నల్లమట్టి చూసి అడిగాడు.

"మేకలకు గడ్డని పోతానవు. గంపల మట్టి ఉంటాంది. మేకలు మట్టి తింటానయా ఏంది?"

"నీ ఫికర్ నువ్వు చూసుకో," అని కట్టమ్మ కూరగిన్నె అతని ముందుకు జరిపింది.

ఆ చదరంలో కొత్త ఆకు వచ్చింది. ఆకు కొస పచ్చగా ఉంది. దాన్ని చూసి ఆమెకు ఆ రోజంతా పండుగలా అనిపించింది, వేరేవాళ్ల నాట్లలో పాట కూడా ఎత్తింది. ఇక మడి మధ్యలో ఉన్న మిగతా రెండు చదరాలకు బిందెలతో నీళ్లు మోయాలని అనుకుంటుండగానే ఆసిమా వచ్చింది.

ఎప్పటిలా ఇంటికి ఫోన్ చేసి, మడిలో దిగి, మొదటి చెక్ చదరం దగ్గరే నిలబడిపోయింది. వంగి చూసింది. పోయి మిగతా రెండు చోట్లా చూసింది, మళ్లీ వెనక్కి వచ్చింది. ఆమె ముఖంలో మొదటిరోజు చూసిన వెలుగు కాస్త కాస్తగా ఆరిపోవడం గట్టు మీద నిలబడిన కట్టమ్మ చూస్తూనే ఉంది. ఆసిమా ఫోన్ తీసింది. ఈసారి పాప కోసం కాదు.

"సార్, ఇక్కడ చెక్ రకం ఒక చోట మంచిగ పెరిగింది. నేల ఒక్క తీరుగ లేనట్టున్నది సార్. ఈడ బతికింది గుణం వల్ల బతికిందా, ఉప్పు తక్కువుండి బతికిందా చెప్పలేం. మీరు వచ్చి చూసినంక ఈ మడిని తీసేయాల్సి వస్తదేమో."

కట్టమ్మకు అన్నీ అర్థం కాలేదు. తీసేయడం అన్న మాట మాత్రం అర్థమైంది. మడి పోతే మొండిది పోతుంది, వాకిట్లో కుప్ప కూడా పోతుంది. చెబితే ఇంత చదువుకున్న పిల్ల ముందు తలకాయ తీసినట్టవుతుంది. చెప్పకుండా ఇంటికి పోయే దారి ఒకటుంది, గట్టు మీద మేకలు కూడా అరుస్తున్నాయి. ఆమె రెండడుగులు వేసి ఆగింది.

"బిడ్డా, జర ఆగు. నేలను ఏమనకు. నేల మంచిదే."

ఆసిమా తిరిగి చూసింది.

"గా చదరంకు నేనే నీళ్లు పెట్టిన. ఉప్పునీళ్లు మోరిల ఇడిసిపెట్టి చిలుకమ్మ బోరు నీళ్లు పట్టిన. మట్టి ఏసిన. ఎరువు కూడ ఏసిన."

"ఎందుకు పెద్దమ్మా?"

"సచ్చేటందుకు నాటినం అంటివి. నాకు బువ్వ సయించలే."

ఆసిమా గట్టు మీద కూలబడింది. కట్టమ్మ తిట్లకు సిద్ధంగా నిలబడింది. కానీ ఆసిమా భుజాలు కదులుతున్నాయి, ఏడుస్తోందేమోనని దగ్గరికి పోతే నవ్వుతోంది. కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వి, పోయిన పానం లేచొచ్చింది పెద్దమ్మా, నేల ఖరాబున్నదని నేను ఎంత భయపడ్డనో అంది. నీళ్లు ఎటు వదిలింది, మట్టి ఎక్కడిదాకా చల్లింది, పక్క గట్టు ఏమైనా తెగిందా, ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంది. మీటరు తీసి ఆ చదరంలో ముంచింది, అంకె బాగా తగ్గి ఉంది. పక్క చదరాల్లో ముంచింది, అక్కడ ఉప్పు ఎక్కడిదక్కడే ఉంది. ఒక్క చదరం లెక్కలోంచి తీసేస్తే చాలు, మిగతా అంతా నిలబడుతుందని చెప్పింది. సారుకు మళ్లీ ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. అవతల ఆయన నవ్వు గట్టుదాకా వినిపించింది.

తిరిగి పోయేటప్పుడు ఆసిమా బ్యాగు భుజానికి వేసుకుంటూ ఆగింది.

"మా పాప నెలలు నిండకముందే పుట్టింది పెద్దమ్మా. దవాఖానల అద్దాలపెట్టెల పెట్టిండ్రు. ఇంకెవరన్న ఇది బతకది, ఇడిసిపెట్టు అంటే నేను కూడ నీ లెక్కనే చేస్తుంటి."

కట్టమ్మ ఆమె తల నిమిరి, ఈసారి పిల్లను తోలుకరా అంది.

అప్పటి నుంచి కట్టమ్మ మాట నిలబెట్టుకుంది. మిగిలిన రెండు చెక్ చదరాల వైపు చూడకుండా ఉండడానికి మేకల గడ్డికి చుట్టుదారిన పోసాగింది. రాజమల్లు రోజూ సాయంత్రం వచ్చి, అవి ఇంకా పానంతోనే ఉన్నాయని అబద్ధం చెప్పేవాడు. ఆమెకు అబద్ధమని తెలుసు, అయినా రోజూ అడిగేది. లక్ష్మీనారాయణ వచ్చి మడంతా తిరిగాడు. ఎండి తుప్పు రంగుకు తిరిగిన చెక్ రకం పక్కనే మొండిది నడుమెత్తు పెరిగి గింజల గొలుసులు వేసి ఉంటే చాలాసేపు నిలబడి చూశాడు. లెక్కలోంచి తీసేసిన చదరం ముందు నిలబడి, పరిశోధన కేంద్రంలో కూడ ఇంత మంచిగ పెంచలేకపోయినం కట్టమ్మా అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు, అందరికంటే ఎక్కువ చిలుకమ్మ. తన బోరు నీళ్లు దొంగతనంగా పోయాయని ఆమెకు అప్పుడే తెలిసింది.

కోతల నాడు పరీక్షకు కావలసిన కట్టలు వేరుగా కట్టి వరంగల్ తీసుకుపోయారు. మిగిలింది కట్టమ్మది. మడి మొత్తం మీద కుప్ప చిన్నదే, ఎన్నో చదరాలు తాలుపోయాయి. అయినా మొండిది మాత్రం రాశిగా రాలింది. వాకిట్లో వడ్లు ఎండబోసి, కోళ్లను తోలడానికి ఆమె ఒక పూటంతా మంచం వేసుకుని అక్కడే కూర్చుంది. కోళ్లు వచ్చినా రాకున్నా లేవలేదు. చిలుకమ్మ చాట పట్టుకుని వచ్చింది.

"అక్కా, మా మడి దిగువ మూలకు కూడ తెల్లగ పడుతాంది. ఆ మొండిదాని ఇత్తనం ఇన్ని నాకు పెడ్తవా?"

"నా ఇత్తనం కాదు, ఆసిమమ్మను అడుగు. నీ నీళ్లకు బదులు ఇయ్యమని నేను చెప్త తియ్."

వడ్లు ఎండి, మర ఆడించాక ఒక ఆదివారం ఆసిమా పాపను తీసుకుని వచ్చింది. ఖలీల్ బండి మీద దింపి, సాయంత్రం వస్తానని వెళ్లాడు. కట్టమ్మ రెండు గిన్నెల్లో అన్నం వండింది. ఒకటి మొండిది, రెండోది లెక్కకు రాని చదరంలోది. రాజమల్లు రెండూ తిని చూసి తేడా తెలియట్లేదన్నాడు. ఆసిమాకు అదే కావాలి, సన్నరకం రుచి పోకుండా ఉప్పుకు తట్టుకునే గుణం ఒక్కటే రావాలనే కదా ఇన్ని తరాలు కలిపింది. కట్టమ్మ పాపను ఒళ్లో పెట్టుకుని మజ్జిగన్నం మెత్తగా పిసికి పెడుతుంటే, ఆసిమా పక్కన కూర్చుని ముద్దలు లెక్కపెట్టింది.

"లెక్క నీ మడిల పెట్టుకో. ఈడ పెట్టకు," అంది కట్టమ్మ. పాప మరో ముద్దకు నోరు తెరిచింది.

చేతులు కడుక్కున్నాక ఆసిమా అసలు కబురు చెప్పింది. మూడు భాగాల లెక్కలూ చూశారు, ఒక్క చదరం తీసేసినా ఫలితం గట్టిగానే నిలబడింది. వచ్చే యాసంగికి ఈ ఇరవై గుంటల్లోనూ మొండిదాన్నే వేసి చూడాలని, ఇంకా కొన్ని ఊళ్లలోనూ వేయాలని సారు నిర్ణయించాడు. మడి పరీక్షలోనే ఉంటుంది. ఒక మూల మాత్రం చెక్ రకం నాటాలి, తప్పదు.

కట్టమ్మ పాపను భుజాన వేసుకుని జోకొట్టింది. తరువాత ఒక షరతు పెట్టింది.

"నాటుతా. గానీ దాన్ని నా కండ్లకు కనపడని మూలకు పెట్టు."

"ఏ మూలకు పెట్టినా నువ్వు పోతవు పెద్దమ్మా."

"పోతే పోత. బోరు దూరమున్న మూల చూడు, నాకు బిందెలు మోసే ఓపిక లేదు."

రాజమల్లు నవ్వుతూ పైపు దాచిపెడతానన్నాడు. ఎండ తగ్గగానే ముగ్గురూ పాపను ఎత్తుకుని మడికి బయలుదేరారు. చిలుకమ్మ కాలువకు దూరంగా, గడ్డి దారికి దూరంగా ఉండే మూల ఏదో వెతుక్కుంటూ, కొయ్యకాళ్ల మధ్య మడంతా తిరిగారు.